ఇత్తే కిమాస్ అంటే వెళ్లొస్తాననేగా! (పన్నెండేళ్లుగా జపాన్ డ్రామాలు చూస్తున్న అనుభవం)

2013లో మా టీమ్‌కి జపాన్ క్లయింటు ఉండేవాళ్లు. సోమవారం పొద్దున కాల్ మొదలవగానే పని మాట ఎత్తకుండా కాసేపు ఏదో సీరియల్ గురించి మాట్లాడుకునేవాళ్లు. 'బాయిగాయెషి' అన్న మాట పదే పదే వినపడేది. ఏంటని అడిగితే, టీబీఎస్ ఛానెల్లో ఆదివారం రాత్రి తొమ్మిదింటికి వచ్చే 'హన్‌జావా నావోకి' అన్నారు. పైవాళ్లు చేసిన తప్పు తన నెత్తిన రుద్దితే తిరగబడే ఒక బ్యాంకు ఉద్యోగి కథ అది. బాయిగాయెషి అంటే, నువ్వు నాకు చేసినదానికి రెండింతలు తిరిగిస్తా అని. ఆ సెప్టెంబరులో చివరి ఎపిసోడ్‌కి టోక్యో ప్రాంతంలో 42.2 శాతం రేటింగ్ వచ్చింది. ఫైటింగులు లేవు, పాటలు లేవు, అంతా లోన్ ఫైళ్లూ మీటింగులే. అయినా అంతమంది టీవీ ముందు కూర్చున్నారంటే అందులో ఏముందో చూడాలనిపించింది. అలా పట్టుకున్న అలవాటు ఇప్పటికీ వదల్లేదు.

కాబట్టి ఇది ఒక యాప్ మీదో, ఒక సీరియల్ మీదో సమీక్ష కాదు. జపాన్ బయట కూర్చుని, అందులోనూ తెలుగు ఇంట్లో కూర్చుని, ఈ డ్రామాలని వెతికి, చూసి, ఎవరితోనైనా మాట్లాడుకోవడం ఎలా ఉంటుందో చెప్పడం.

ముందు నాకు బాగా నచ్చిన సంగతి చెప్తాను. ఇవి అయిపోతాయి. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు, ఇలా ఏడాదికి నాలుగు సీజన్లు. ఒక్కో సీజన్లో ప్రతి ఛానెల్ కొత్త కథలు మొదలుపెడుతుంది. వారానికొకటి చొప్పున పది, పదకొండు ఎపిసోడ్లు, ఒక్కోటి ముప్పావుగంట. అంతే, కథ ముగిసిపోతుంది. మన దూరదర్శన్ లాంటి ఎన్‌హెచ్‌కేలో పొద్దున్నే వచ్చే పదిహేను నిమిషాల 'అసదోరా' మాత్రం ఆరు నెలలు నడుస్తుంది. 1983లో మొదలైన 'ఒషిన్' అలాంటిదే, కాకపోతే అది ఏడాది పాటు 297 ఎపిసోడ్లు వచ్చింది. అదే ఎన్‌హెచ్‌కేలో ఆదివారం రాత్రి వచ్చే చారిత్రక 'తైగా' కూడా ఏడాది పొడుగునా సాగుతుంది. కొత్తవాళ్లు వీటి జోలికి వెళ్లకండి, పది ఎపిసోడ్ల వాటితో మొదలుపెట్టండి.

ఇక దొరకడం. అదే పెద్ద తలనొప్పి. కొరియా వాళ్లు తమ సీరియళ్లని బయటి దేశాలకి అమ్మడం మీద గట్టిగా దృష్టి పెట్టారు. జపాన్‌లో ఇంటి మార్కెట్టే పెద్దది. ప్రకటనల మీద, డీవీడీల మీద డబ్బు వచ్చేస్తుంటే బయటివాళ్ల గురించి తొందరేముంటుంది? పైగా ప్రతి డ్రామాకీ ఒక ప్రసిద్ధ గాయకుడి టైటిల్ సాంగ్, ప్రతి నటుడికీ ఒక ఏజెన్సీ. అందరి అనుమతులూ కుదిరితేగాని బయటి దేశానికి రాదు. బాయ్ బ్యాండ్లకి పేరున్న జానీస్ ఏజెన్సీ అయితే తమ నటుల ఫొటోలు కూడా ఇంటర్నెట్‌లో పెట్టనిచ్చేది కాదు. పత్రికల ముఖచిత్రం వెబ్‌సైట్లో పెడితే అందులో హీరో ఉండాల్సిన చోట బూడిదరంగు ఆకారం ఉండేది. 2018లో గానీ అది కాస్త సడలలేదు.

ప్రైవేటు ఛానెళ్లు కలిసి 2015 అక్టోబరులో తెచ్చిన 'టీవర్'లో డ్రామాలు ప్రసారమయ్యాక వారం పాటు ఉచితంగా చూడొచ్చు. అది జపాన్‌లో ఉన్నవాళ్లకే. మనకి మిగిలినవి నెట్‌ఫ్లిక్స్, వికీ (వికీపీడియా కాదు, Viki అనే ఓటీటీ) లాంటివి. వికీలో సబ్‌టైటిల్స్ రాసేది చాలావరకు వాలంటీర్లు. ఎవరో ఎక్కడో కూర్చుని డబ్బు ఆశించకుండా ఒక్కో వాక్యం రాసిపెడితే నేను ఇక్కడ కూకట్‌పల్లిలో చూశాను. వాళ్ల పట్ల నాకు చాలా కృతజ్ఞత ఉంది. మొదట్లో రైట్స్ లేని కాపీలూ చూశాను, దాచను. డబ్బు కట్టి చూసే దారి ఏర్పడినవాటికి మాత్రం ఇప్పుడు కట్టే చూస్తున్నాను. చూసేవాళ్లున్నారని వాళ్లకి తెలియాలంటే ఇంతకన్నా మార్గం లేదు.

ఒక ఓటీటీలో మాత్రం ఘోరంగా దెబ్బతిన్నాను. ఏడో ఎపిసోడ్ శనివారం రాత్రి చూసి, మిగతా మూడూ ఆదివారం చూద్దామని పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ఆ డ్రామానే లేదు. రైట్స్ గడువు అయిపోయిందట. ముందుగా ఒక్క మాట చెప్తే రాత్రే కూర్చుని ముగించేదాన్ని కదా. అందుకే ఇప్పుడు మొదలుపెట్టిన డ్రామాని మధ్యలో ఆపను.

డీవీడీ కొనుక్కుందామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. టోక్యో నుంచి వస్తున్న కొలీగ్‌తో ఒకసారి బాక్స్ సెట్ తెప్పించాను. అట్టపెట్టె, లోపల చిన్న పుస్తకం, చేతిలోకి తీసుకుంటే ముచ్చటేసింది. ప్లేయర్‌లో పెడితే 'రీజియన్ తప్పు' అని వచ్చింది. జపాన్ డీవీడీలు రీజియన్ 2, మన దేశానివి రీజియన్ 5. చివరికి లాప్‌టాప్‌లో సెట్టింగ్ మార్చి పెడితే ఆడింది, కానీ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ లేవు. చెవులు వినపడనివాళ్ల కోసం జపనీస్‌లోనే ఇచ్చిన అక్షరాలున్నాయి, అంతే. ఆ సెట్టు ఇప్పటికీ అలమరలోనే ఉంది.

వెతకడంలో ఇంకో చిక్కు పేర్లు. ఒకే డ్రామాకి జపనీస్ పేరు, దాని ఇంగ్లిష్ పేరు, అభిమానులు పెట్టుకున్న పొట్టి పేరు, మూడూ వేరువేరు. 2016లో వచ్చిన 'నిగెరు వ హజి ద గ యకు ని తత్సు' అన్న పొడుగాటి పేరుని అక్కడందరూ 'నిగెహజి' అంటారు. ఇంగ్లిష్‌లో 'వియ్ మ్యారీడ్ యాజ్ ఎ జాబ్'. ఒక పేరుతో వెతికితే దొరకనిది ఇంకో పేరుతో దొరుకుతుంది. జపనీస్ లిపిలో ఉన్న పేరుని కాపీ చేసి వెతకడం అన్నిటికన్నా నయం.

ఏది చూడాలో తేల్చుకోవడానికి హీరో హీరోయిన్లని కాదు, రచయితని పట్టుకోండి. ఇది పన్నెండేళ్లలో నేను నేర్చుకున్న అసలు కిటుకు. నిగెహజికి స్క్రిప్టు రాసిన నొగి అకికోయే 2018లో 'అన్‌నేచురల్' రాసింది. అనుమానాస్పద మరణాలకి కారణం తేల్చే ల్యాబ్ కథ. ప్రతి వారం ఒక శవంతో మొదలై, బతికున్నవాళ్ల గురించి చెప్తుంది. 2017లో సకమోతో యూజి రాసిన 'క్వార్టెట్' మొదటి ఎపిసోడ్లో ఒక సీనుంది. కరుయిజావా అనే కొండ ఊళ్లో ఒకే ఇంట్లో ఉంటున్న నలుగురు వాద్యకళాకారులు భోజనానికి కూర్చుంటారు. మధ్యలో వేయించిన కోడిమాంసం ముక్కల పళ్లెం. ఇద్దరు అడక్కుండా దాని మీద నిమ్మకాయ పిండేస్తారు. మూడోవాడు అభ్యంతరం చెప్తాడు, ఒకసారి పిండాక మళ్లీ వెనక్కి తీయలేం కదా అని. మన ఇడ్లీ మీద ఎవరో అడక్కుండా సాంబారు పోసేసినట్టే. నిమిషాల తరబడి దాని మీదే మాట్లాడుకుంటారు. అది చూస్తుండగానే ఆ నలుగురిలో ఎవరెలాంటివాళ్లో, ఎవరు నోరు మూసుకుని సర్దుకుపోతారో తెలిసిపోతుంది. ఇంత చిన్న విషయంలో ఇంత మనిషిని చూపించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

డాక్టర్లు, పోలీసుల డ్రామాలు కూడా బోలెడుంటాయి. వారానికొక కేసు, ఆఖర్న ఒక ఉపన్యాసం. నాలుగు చూశాక నాకు మొహం మొత్తింది.

ఇప్పుడు సబ్‌టైటిల్స్ సంగతి. నేను ఇది రాయడానికి కూర్చున్నదే దీనికోసం.

మా అమ్మకి మొదట చూపించింది 'మిడ్‌నైట్ డైనర్'. టోక్యోలో రాత్రి పన్నెండింటికి తెరిచి పొద్దున ఏడింటికి మూసే చిన్న హోటల్, పాతిక నిమిషాల ఎపిసోడ్లు. వేడన్నం మీద ఎండుచేప చెక్కిన పొట్టు చల్లి, సోయా సాస్ వేసుకుని ఒకమ్మాయి తింటుంటే, "ఆవకాయన్నం లాగా ఉందే" అని దగ్గరికి జరిగి కూర్చుంది. తర్వాత నిగెహజి పెట్టాను. అందులో హీరో ఆఫీసుకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర 'ఇత్తే కిమాస్' అన్నాడు. కింద ఇంగ్లిష్‌లో ఏదో బై లాంటి మాట పడింది. అమ్మ ఇంగ్లిష్ చదవదు, నేనే అర్థం చెప్తూ ఉంటాను. ఇత్తే అంటే వెళ్లి, కిమాస్ అంటే వస్తాను అన్నాను. "అంటే వెళ్లొస్తాననేగా!" అంది. అవును. హీరోయిన్ బదులిచ్చిన 'ఇత్తెరష్షాయ్' అంటే వెళ్లి రండి అని. మన ఇళ్లలో వెళ్తాను అనకూడదు, వెళ్లొస్తాను అనాలి అని చిన్నప్పుడు మనకి నేర్పినదే అక్కడా ఉంది. మధ్యలో ఇంగ్లిష్ అడ్డొచ్చి మాకు కనపడకుండా పోయింది.

ఆ రోజు నుంచి చెవి పెట్టి వినడం మొదలుపెట్టాను. జపనీస్‌లోనూ క్రియ చివరికే వస్తుంది. కాదు, లేదు అనే మాట కూడా ఆఖర్నే. "మర్చిపోయానని..." అని ఆగి, కాసేపటికి "కాదు" అంటుంది ఒక పాత్ర. ఆ ఆగడంలోనే నటన అంతా ఉంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ మాత్రం 'కాదు'ని ముందే చూపించేస్తుంది. ఆమె నోరు విప్పకముందే మనకి తెలిసిపోతుంది. అదే తెలుగులో రాస్తే ఆమె ఆగినచోటే మనమూ ఆగుతాం. మనం 'అని' అన్నచోట వాళ్లు 'తో' అంటారు, మన 'కదా' ఉన్నచోట 'నే' అంటారు.

మర్యాదల సంగతి ఇంకా పెద్దది. నిగెహజి కథ ఏంటంటే, ఉద్యోగం దొరకని మికురి ఒకరింట్లో ఇంటిపని చేస్తూ, ఆ ఉద్యోగం కోసమే ఇంటి యజమాని హిరమసని ఒప్పందం మీద పెళ్లాడుతుంది. నెలనెలా జీతం తీసుకుంటుంది. బయటికి భార్యాభర్తలు, లోపల యజమాని, ఉద్యోగి. ఇద్దరూ ఒకరినొకరు పేరుకి 'సాన్' చేర్చి, మనం మీరు అన్నట్టు పిలుచుకుంటారు. ఒకరి మీద ఒకరికి ఇష్టం పుట్టాక కూడా ఆ మర్యాద పోదు. మన పాత ఇళ్లలో భార్య ఏవండీ అంటే భర్త నువ్వు అంటాడు. ఇక్కడ రెండువైపులా మీరే. ఆ దూరం, ఆ గౌరవం, ఆ బిడియం అన్నీ ఆ పిలుపులోనే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో అందరికీ ఒకటే 'యూ'. సగం కథ అక్కడే జారిపోతుంది.

చివరికి అతను నిజంగా పెళ్లి చేసుకుందాం అంటాడు. అలా చేస్తే జీతం ఖర్చు ఎంత మిగులుతుందో లెక్క కూడా వేసి చూపిస్తాడు. మికురి సంతోషించదు. ప్రేమ ఉంది కదా అని పని ఊరికే చేయించుకోవడం దోపిడీ అంటుంది. నేను అర్థం చెప్పాక అమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "నలభై ఏళ్లు చేశాను, ఎవరూ ఆ లెక్క వేయలేదు" అంది. మొదటి ఎపిసోడ్‌కి 10.2 శాతం ఉన్న రేటింగ్ చివరికి 20.8 ఎలా అయిందో అప్పుడు అర్థమైంది.

మాట్లాడుకోవడం మాటకొస్తే, నాకు దొరికింది ఇద్దరే. ఒకరు అమ్మ, ఇంకొకరు డల్లాస్‌లో ఉన్న మా పిన్ని కూతురు. టోక్యోలో రాత్రి పదింటికి ప్రసారమంటే మనకి సాయంత్రం ఆరున్నర. అప్పుడే అక్కడివాళ్లు ఊహాగానాలు మొదలుపెడతారు. 2019లో 'అనత నో బన్ దెస్' అనే హత్యల కథ వచ్చినప్పుడు అదో ఉద్యమంలా నడిచింది. మనకి అర్థమయ్యే సబ్‌టైటిల్స్ వచ్చేసరికి హంతకుడెవరో అందరికీ తెలిసిపోతుంది. అందుకే మేం ఒక నియమం పెట్టుకున్నాం. ఇద్దరం చూశామని చెప్పుకునేదాకా ఫోన్లో ఆ ఊసెత్తకూడదు. "అక్కా, ఆరోది చూశావా?" అంటుంది, చూశాను అంటే చాలు, గంట గడిచిపోతుంది. ఒక్కోసారి దానికి అక్కడ దొరికింది నాకు ఇక్కడ దొరకదు. అప్పుడు అది కథ చెప్తుంది, నేను వింటాను. అదీ బాగానే ఉంటుంది.

తెలుగు సబ్‌టైటిల్స్‌తో జపాన్ డ్రామా ఇంతవరకు నా కంటపడలేదు. అందుకే పోయిన దసరా సెలవుల్లో అమ్మ కోసం ఒక్క ఎపిసోడ్‌కి నేనే రాయడం మొదలుపెట్టాను. పాతిక నిమిషాలకి నాలుగు రోజులు పట్టింది. ఎవరు ఎవరిని మీరు అనాలో, ఎప్పుడు నువ్వులోకి దిగాలో తేల్చుకోవడానికే రెండు రోజులు. అంతా అయ్యాక ఒక్క మాట మిగిలిపోయింది. తినేముందు చేతులు జోడించి 'ఇతదకిమాస్' అంటారు. స్వీకరిస్తున్నాను అని రాస్తే పురోహితుడి మాటలా ఉంది, తింటున్నాను అంటే తేలిపోయింది. అమ్మని అడిగాను. ఆ సీను రెండుసార్లు వేయించుకుని చూసింది.

"అన్నానికి దణ్ణం పెట్టుకుంటున్నాడు, కనపడుతోందిగా. ఏం రాయకు" అంది.

అక్కడ ఖాళీగానే వదిలేశాను.