కుందలహళ్లి నుంచి మెజెస్టిక్ దాకా 37 నిమిషాలు: 'ఫ్యూచర్ నాస్టాల్జియా'

బ్రిటన్ పాప్ గాయని దువా లిపా రెండవ ఆల్బమ్ 'ఫ్యూచర్ నాస్టాల్జియా' 2020 మార్చి 27న విడుదలైంది. దేశమంతటా లాక్‌డౌన్ మొదలై అప్పటికి మూడో రోజు. బెంగళూరు మారతహళ్లిలోని మా పీజీలో నాతో పాటు ఉండే ఇద్దరూ అంతకు ముందే ఒకరు నెల్లూరు బస్సు, మరొకరు కర్నూలు బస్సు ఎక్కి వెళ్లిపోయారు కనుక గదిలో నేనొక్కడినే మిగిలాను. జనం గుమిగూడి ఆడడానికి చేసిన పాటలు, జనం గుమిగూడడానికి వీల్లేని వారంలో నా చేతికి వచ్చాయి. ఇందులోని 'బ్రేక్ మై హార్ట్' పాట విడిగా మార్చి 25న, అంటే మన లాక్‌డౌన్ మొదలైన రోజునే వచ్చింది. దాని పల్లవిలో 'ఇంటిపట్టునే ఉండవలసింది' అనే అర్థం వచ్చే మాట ఉంది. ప్రేమలో పడినందుకు బాధపడుతూ పాడిన మాట అది. అయినా, వీధిలో పోలీసు జీపు మైకు తప్ప మరో శబ్దం లేని ఆ సాయంత్రాల్లో ఆ మాట చెవిన పడినప్పుడల్లా గుండె ఒక్కసారి ఆగినట్లయ్యేది.

అప్పటి నుంచి ఈ ఆల్బమ్‌ను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఇప్పుడు ఉద్యోగానికి పర్పుల్ లైన్ మెట్రోలో వెళుతున్నాను. కుందలహళ్లిలో రైలెక్కగానే మొదటి పాట పెడితే, మెజెస్టిక్‌లో దిగే వేళకు పదకొండో పాట పూర్తవుతుంది. మొత్తం నిడివి 37 నిమిషాలు. ఈ పొట్టితనం నాకు చాలా ఇష్టం. ఒక్కొక్క ఆల్బమ్‌లో ఇరవై పాటలు కుక్కే ఈ రోజుల్లో, పదకొండు పాటలతో ఆగిపోవడానికి తెగువ కావాలి. 2021లో దీనికి ఉత్తమ పాప్ గాత్ర ఆల్బమ్‌గా గ్రామీ పురస్కారం దక్కింది. ఆ తరువాత దీని మీద రీమిక్సులు, అదనపు పాటలు చేర్చిన కూర్పులు వచ్చాయి కానీ, నేను మాత్రం తొలి కూర్పునే వినమని చెబుతాను.

వినే పద్ధతి గురించి ముందుగా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌కు ప్రాణం కింది స్వరాలు పలికే బేస్ గిటార్, అది ఫోన్ స్పీకర్‌లో దాదాపు వినిపించదు. లాక్‌డౌన్ సడలించాక ఎస్పీ రోడ్డులో ఒక దుకాణంలో 'హెవీ బేస్' అని రాసిన ఇయర్‌ఫోన్లు కొన్నాను. అవి ప్రతి కింది స్వరాన్నీ ఒకే రకమైన ఉరుముగా మార్చేశాయి. చెవిలో గుడగుడ తప్ప వేళ్లు తీగ మీద ఎక్కడ ఆగుతున్నాయో, ఎక్కడ జారుతున్నాయో తెలియలేదు. దుకాణదారు మార్చి ఇవ్వనన్నాడు. వారం రోజుల పాటు ఆల్బమ్‌లోనే లోపం ఉందనుకున్నాను. స్నేహితుడి దగ్గర మామూలు వైరు ఇయర్‌ఫోన్లు అడిగి తీసుకుని విన్న రోజున, అదే పాటలో బేస్ గిటార్ ఒక మనిషి మాట్లాడినట్లు స్పష్టంగా పలికింది. శబ్దాన్ని పెంచి చూపేవి కాకుండా ఉన్నదున్నట్లు వినిపించేవి వాడితేనే ఈ ఆల్బమ్ మీకు దక్కుతుంది.

ఆ రోజు విన్న పాట 'డోంట్ స్టార్ట్ నౌ'. దీని నడకను కొంచెం దగ్గరగా చూడడం అవసరం. నిమిషానికి 124 దరువులు. ప్రతి దరువు మీదా కిక్ డ్రమ్, అంటే కాలితో తొక్కి వాయించే పెద్ద డ్రమ్ము, పడుతుంది. మన లెక్కలో చెప్పాలంటే చతురశ్ర నడకలో నాలుగు అక్షరాలకూ నాలుగు గట్టి దెబ్బలు. రెండు దెబ్బల నడుమ ఖాళీలో తాళాల జత విచ్చుకుని 'చ్' మంటుంది. 1970లలో అమెరికా డిస్కో పాటలు నిలబడింది ఈ రెండింటి మీదే. కాళ్లు నేల మీద పడేది కిక్ డ్రమ్‌కైతే, మడమలు లేచేది ఆ 'చ్' కి. ఈ రెండూ గడియారంలా కదలకుండా ఉంటాయి కనుకనే బేస్ గిటార్‌కు వాటి మధ్య ఆడుకునే స్వేచ్ఛ దొరుకుతుంది. ఆనాటి డిస్కో బృందం షీక్‌లో బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ వాయించిన బేస్ విన్నవారికి ఇది ఏ ఇంటి సంప్రదాయమో చెప్పనక్కరలేదు. ఈ పాటలో బేస్ కింది స్థాయి నుంచి పై స్థాయికి గెంతి, మధ్యలో ఒక్క క్షణం చటుక్కున ఆగిపోతుంది. నిర్మాత ఇయన్ కర్క్‌పాట్రిక్ ఆ ఆగిన చోట ఏమీ నింపకుండా వదిలేశాడు. ఆ ఖాళీలోనే దువా లిపా గొంతు, తనను విడిచి వెళ్లినవాడికి ఇక దగ్గరకు రావద్దని, పెద్దగా అరవకుండా, అన్నీ తేల్చుకున్న మనిషిలా చెబుతుంది. ఆమెది బరువైన, కాస్త గరుకైన గొంతు. పై స్థాయిలో తీగలు సాగదీసే గొంతు కాదు. ఇటువంటి పాటకు కావలసింది అదే.

మా మేనమామ గుంటూరు అరండల్‌పేటలో 1980లలో క్యాసెట్ల రికార్డింగ్ సెంటర్ నడిపారు. జనం చీటీ మీద పాటల జాబితా రాసి ఇస్తే, ఖాళీ క్యాసెట్‌లోకి ఆ పాటలు ఎక్కించి ఇవ్వడం ఆయన పని. పోయిన వేసవిలో రామమూర్తినగర్‌లోని వదిన వాళ్లింటికి వచ్చినప్పుడు, హాల్లోని పెద్ద స్పీకర్ల మీద ఆయనకు ఈ పాట వినిపించాను. ఇంగ్లీషు పాట కదా, మర్యాద కోసం ఒక నిమిషం విని ఊరుకుంటారని అనుకున్నాను. ఆయన లేచి వెళ్లి, స్పీకర్ జాలీ మీద రెండు వేళ్లు ఆనించి, కళ్లు మూసుకుని పాట మొత్తం విన్నారు.

"ఒరేయ్ అబ్బాయ్, ఇది కొత్తదా? నిజం చెప్పు."

"2019లో వచ్చిన పాట మామయ్యా."

"డోలు పక్కన నడవాల్సిన బేసు, డోలును ముందుకు లాక్కుపోతోంది చూశావా? మా షాపులో 'సింహాసనం' క్యాసెట్టు రోజుకు ఎన్నిసార్లు వేసేవాణ్నో నీకు తెలియదు."

ఆయన పోలిక నాకు ఎంతో నచ్చింది. 1986లో కృష్ణ గారి 'సింహాసనం'కు బప్పీ లహరి సంగీతం ఇచ్చారు. రాజులు, కోటలు ఉన్న కథలో కూడా డిస్కో దరువు వినిపించింది. 1991లో 'గ్యాంగ్ లీడర్'తో అదే దరువు మన ఊరూరా పెళ్లి పందిళ్లకు చేరింది. అందుచేత ఈ ఆల్బమ్‌లోని పాతదనం తెలుగు చెవికి పరాయిది కాదు. న్యూయార్క్ క్లబ్బులు మనం చూడకపోయినా, ఆ దరువుకు తిరునాళ్ల స్టేజీల ముందు ఎగిరిన తరం మన ఇళ్లలోనే ఉంది.

బెంగళూరులో ఉంటున్నవారు తెలుసుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. లండన్‌లో డిస్కో శబ్దాన్ని మలిచినవారిలో ముఖ్యుడైన బిడ్డు ఈ ఊళ్లో పుట్టినవాడే. ఇక్కడే కుర్రతనంలో బ్యాండ్‌లో వాయించి, 1960లలో ఇంగ్లండు చేరుకున్నాడు. కార్ల్ డగ్లస్ పాడగా 1974లో బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్లిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' ఆయన నిర్మించినదే. 1980లో హిందీ సినిమా 'కుర్బానీ' కోసం నాజియా హసన్ చేత 'ఆప్ జైసా కోయీ' పాడించి, మరుసటి ఏడు 'డిస్కో దీవానే' ఆల్బమ్ చేసిందీ ఆయనే. లండన్‌లో పుట్టిన కొసోవో అల్బేనియన్ కుటుంబపు అమ్మాయి పాడిన పాట బెంగళూరు మెట్రోలో నా చెవిలో మోగుతున్నప్పుడు, ఈ శబ్దం ఒకప్పుడు ఇక్కడి కుర్రవాడి చేతుల మీదుగా కూడా నడిచిందన్న ఊహ నాకు గొప్ప సంతోషాన్ని ఇస్తుంది.

ఇటువంటి ప్రయాణం ఆల్బమ్‌లోని ఒక పాటలోనే దాగి ఉంది. ఎనిమిదోదైన 'లవ్ అగెయిన్' వయొలిన్ల బృందంతో మొదలవుతుంది. కాసేపటికి, ఎక్కడో పాత గ్రామఫోన్‌లో నుంచి వచ్చినట్లు నొక్కిపట్టిన ట్రంపెట్ వరస ఒకటి వినబడుతుంది. ఆ ట్రంపెట్ 1932 నాటిది. లూ స్టోన్ బృందం రికార్డు చేసిన 'మై ఉమన్' పాటలోనిది. దాన్ని వెలికితీసి 1997లో 'యువర్ ఉమన్' పాటగా మలిచి బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేర్చిన 'వైట్ టౌన్' అసలు పేరు జ్యోతి మిశ్రా, పుట్టినది మన రూర్కెలాలో. 1932 నుంచి 1997కు, అక్కడి నుంచి 2020కి ఒకే ట్రంపెట్ వరస చేతులు మారుతూ వచ్చింది. ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదే. ఇక ప్రేమించలేనని గట్టిగా నమ్మిన మనిషి, తనకు తెలియకుండానే మళ్లీ ప్రేమలో పడినందుకు ఆశ్చర్యపోతూ పాడే పాట. పాత ట్రంపెట్ తిరిగి రావడమూ, పోయిందనుకున్న ప్రేమ తిరిగి రావడమూ ఒకే చోట జరుగుతాయి. నా ప్రయాణంలో ఈ పాట ముగిసే సమయానికి రైలు ఎం.జి. రోడ్డు స్టేషన్ దాటి వంతెన మీద నుంచి భూమిలోకి దిగుతుంది. కిటికీలో చెట్లు, ఎండ పోయి నల్లటి గోడ మాత్రమే మిగిలినప్పుడు 'బ్రేక్ మై హార్ట్' గిటార్ మొదలవుతుంది. ఆ గిటార్ వరస ఆస్ట్రేలియా బృందం ఇనెక్సెస్ 1987లో చేసిన 'నీడ్ యు టునైట్' నుంచి వచ్చింది. పాటను రాసినవారి పేర్లలో ఆ బృందంలోని ఆండ్రూ ఫారిస్, మైకేల్ హచెన్స్‌ల పేర్లు కూడా చేర్చారు. అప్పు తీసుకున్నప్పుడు ఇలా పేరు చెప్పడం నాకు గౌరవంగా తోచింది.

'లెవిటేటింగ్' గురించి అందరికీ తెలుసు కనుక ఎక్కువ చెప్పను. నిమిషానికి 103 దరువులే, అయినా ఎక్కడా మందగించినట్లు ఉండదు. పాత పాటల్ని పోలి ఉందని దీని మీద అమెరికాలో దావాలు నడిచాయి. 1979 నాటి ఒక డిస్కో పాట రచయితలు వేసిన దావాను 2025 మార్చిలో కోర్టు కొట్టివేసింది. పదే పదే వినబడే లయ, స్వరాలు దిగివచ్చే తీరు వంటివి ఏ ఒక్కరి సొత్తూ కావన్నది ఆ తీర్పు సారాంశం. న్యాయమేనని నాకు అనిపించింది, ఎందుకంటే దరువుకు పట్టా ఉంటే మన డప్పు వాయించేవాడి దగ్గర నుంచి బప్పీ లహరి దాకా ఎవరూ మిగలరు. 'ఫిజికల్' నడక ఇంకా వేగం. ఒలీవియా న్యూటన్-జాన్ 1981 పాటను పల్లవిలో తలుచుకుంటూ, 1980ల సింథసైజర్ల మీద గొంతెత్తి అరిచే పాట. ఉదయం సీటు దొరకనప్పుడు నిలబడి వినడానికి చక్కగా సరిపోతుంది. 'హల్యూసినేట్' 1990లలో క్లబ్బుల్లో ఆడిన హౌస్ సంగీతం వైపు మొగ్గుతుంది. 'కూల్' హాయిగా సాగిపోతుంది, అంతకు మించి నా మీద ముద్ర వేయలేదు.

చివరి రెండు పాటలతోనే నాకు పేచీ. పదోది 'గుడ్ ఇన్ బెడ్' మాటల్లోనూ బాణీలోనూ చిలిపిదనం కోసం ప్రయత్నించి, ఒకే మాటను తిప్పి తిప్పి అనడంతో విసిగిస్తుంది. పదకొండోది 'బాయ్స్ విల్ బి బాయ్స్' సంగతి వేరు. రాత్రి ఒంటరిగా నడిచి వెళ్లే ఆడపిల్ల తాళంచెవులు వేళ్ల సందుల్లో బిగించి పట్టుకోవడం గురించిన పాట అది. ఆఫీసు క్యాబ్ దిగి వీధి చివరి వరకు నడిచే మా వదినకు అందులోని ప్రతి మాటా తెలుసు. చెప్పవలసిన విషయమే, నిజాయితీగానే చెప్పింది. అయితే పిల్లల బృందగానం, నెమ్మదిగా బరువెక్కే తీగ వాద్యాలు వచ్చేసరికి, అప్పటిదాకా నేల మీద ఉన్న కాళ్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. ఇంత పెద్ద విషయాన్ని ఆ బేస్ గిటార్ మీదనే, ఆ దరువు మీదనే పాడి ఉంటే వినేవాడి ఒంట్లోకి ఇంకా లోతుగా దిగేదని నా నమ్మకం. వదినకు చెబితే ఆమె ఒప్పుకోలేదు. కాళ్లు ఆగాలనే ఆ పాట చివర పెట్టారు, ఆగి వినవలసిన మాట అది, అని ఆమె వాదన. ఆ వాదన తరువాత ఆ పాటను దాటవేయకుండా వింటున్నాను, కానీ నా అభిప్రాయం మారలేదు.

మామయ్య మాత్రం మొత్తం విన్నాక, రికార్డింగ్ సెంటర్ లెక్కలోకి వెళ్లిపోయారు. 37 నిమిషాలంటే అరవై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు పట్టదు. తొంభై నిమిషాల క్యాసెట్‌లో ఒక వైపు 45 నిమిషాలు కనుక మొత్తం పట్టి, ఇంకా దాదాపు ఎనిమిది నిమిషాలు మిగులుతుంది. ఖాళీ టేపు వదిలితే గిరాకీ ఊరుకోడు, రెండు పాటలు వేయాల్సిందే అన్నారు. 'బ్రేక్ మై హార్ట్' దగ్గర ఆపేస్తే ఎంత మిగులుతుందని అడిగాను. వేళ్ల మీద లెక్కపెట్టి, "పద్నాలుగు నిమిషాలు. మూడు పాటలు హాయిగా పడతాయి," అన్నారు. వదిన వంటింట్లో నుంచి, చివరి పాట తీసేయడానికి వీల్లేదని కేకేసింది. మామయ్య ఆ మాట విని, బల్ల మీదున్న కరెంటు బిల్లు వెనక్కి తిప్పి, పెన్ను తీసుకుని, పదో పాట ఒక్కటే కొట్టేసి, ఆ కింద మొదటి వరుసలో 'ఆప్ జైసా కోయీ' అని రాశారు.