ఇంట్లో ముసలి కుక్క, పిల్లి ఉండగా మరో కుక్క దత్తత: విజయవాడ శివారు సంరక్షణ కేంద్రంపై సమీక్ష

విజయవాడ శివారులో కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు విరాళాల మీద నడుపుతున్న సంరక్షణ కేంద్రం నుంచి మేము ఒక ఆడకుక్కను దత్తత తెచ్చుకున్నాము. అప్పటికే పటమటలోని మా ఫ్లాటులో వయసు మళ్లిన స్పిట్జ్ కుక్క ఒకటి, దాని మీద కూడా పెత్తనం చేసే పిల్లి ఒకటి ఉన్నాయి. కాబట్టి తమ దగ్గరున్న కుక్క గురించి కేంద్రంవారు ఎంత చెప్పారన్న దానికంటే, అది చేరబోయే ఇంట్లోని పాత జీవుల గురించి ఎంత ఆలోచించారన్న దానిమీదే నా దృష్టి ఎక్కువగా నిలిచింది. ఆ లెక్కన చూస్తే, కుక్కకూ కుక్కకూ సఖ్యత కుదర్చడంలో వీరికి నూటికి తొంభై మార్కులు వేయవచ్చు; పిల్లి విషయంలో మాత్రం ముప్పై అయిదు కూడా కష్టమే. ఇక్కడ నేను చెప్పబోయే లోపాలు చేతిలో డబ్బు, మనుషులు తక్కువగా ఉన్న ఏ కేంద్రంలోనైనా ఉండగలవి కనుక పేరు రాయడం లేదు.

ఇలాంటి చోట ఏ కుక్కలు ఉంటాయో ముందుగా తెలుసుకుని వెళ్లడం మంచిది. జంతు జనన నియంత్రణ నియమాలు, 2023 ప్రకారం వీధి కుక్కకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టుకున్న చోటనే తిరిగి వదలాలి. అందువల్ల కేంద్రాలలో ఎక్కువ కాలం మిగిలేవి బండి కింద పడి కాలు పోయినవి, తల్లి లేని పిల్లలు, మోజు తీరాక యజమానులు వదిలించుకున్న జాతి కుక్కలు. జంతువును ఆకలిదప్పులకు వదిలేసి పోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షన్ కింద నేరమే అయినా, రాత్రివేళ గేటుకు లాబ్రడార్‌ను కట్టేసి వెళ్లేవారికి కొదవ లేదని అక్కడివారు చెప్పారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు మేడల మీద చిక్కుకుపోయిన కుక్కలు కొన్ని ఇక్కడికి చేరాయి. మేము తెచ్చుకున్న ‘బెల్లం’ వాటిలో ఒకటి. ఒంటి రంగును బట్టి అక్కడ పనిచేసే కుర్రాడు పెట్టిన పేరది. మార్చాలని మాకూ అనిపించలేదు.

దత్తతకు రుసుము లేదు, ఇష్టమైనవారు విరాళం ఇవ్వవచ్చు. అయితే ప్రశ్నలు మాత్రం చాలా ఉంటాయి. పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే యజమాని ఒప్పుకున్నారా, కుక్కంటే భయపడేవారు ఎవరైనా ఉన్నారా, ఊరికి వెళ్తే ఎవరు చూస్తారు అని వరుసగా అడిగారు. ఇంట్లో ఉన్న కుక్క టీకాల పుస్తకం చూసేదాకా మాట ముందుకు సాగనివ్వలేదు. ఊరికే ఇచ్చే వీధి కుక్కకు ఇన్ని ఆరాలేమిటని మా పక్కన కూర్చున్న దంపతులు విసుక్కొని లేచి వెళ్లిపోయారు. నాకు మాత్రం ఈ ఆరాలే కేంద్రం మీద నమ్మకం కలిగించాయి. ఏ కారణంచేతనైనా కుక్కను ఉంచుకోలేకపోతే తిరిగి తమకే అప్పగించాలని, వేరొకరికి ఇవ్వడం గానీ వీధిలో వదలడం గానీ చేయకూడదని కాగితం మీద సంతకం తీసుకుంటారు. వీధి కుక్కలను పురపాలక సంస్థ ద్వారా దత్తత తీసుకోవచ్చని చెప్పిన 2025 ఆగస్టు 22 నాటి సుప్రీంకోర్టు ఉత్తర్వులలోనూ, దత్తత వెళ్లిన కుక్క మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత తీసుకున్నవారిదేనని ఉంది. కనుక ఈ సంతకాన్ని లాంఛనంగా భావించి పెట్టకూడదు.

ఈ కేంద్రంలో అన్నిటికంటే మెచ్చదగినది రెండు కుక్కలను కలిపే పద్ధతి. మేము బెల్లాన్ని చూసి, బాగుందని తల ఊపగానే ఆ కుర్రాడు, “మీకు నచ్చితే సరిపోదమ్మా, మీ పెద్దదానికి నచ్చాలి. దాన్ని ఒకసారి తీసుకురండి, అప్పుడు మాట్లాడుకుందాం” అన్నాడు. మా స్పిట్జ్‌ను తీసుకువెళ్లిన రోజున దాన్ని గేటు లోపలికి రానివ్వలేదు. లోపలి కుక్కలన్నీ ఒక్కసారి మొరిగితే ముసలిది బెదిరిపోతుందని బయటి మట్టిరోడ్డు మీదికే బెల్లాన్ని తీసుకువచ్చాడు. రెండింటినీ ఎదురెదురుగా నిలబెట్టకుండా, నడుమ చాలినంత దూరం ఉంచి ఒకే దిక్కుకు నడిపించారు. ముఖాముఖి నిలబడి కళ్లలోకి చూడడం కుక్కల మధ్య సవాలు కిందికి వస్తుంది. పక్కపక్కన నడిస్తే ఆ బిగువు ఉండదు. ఒకటి మూత్రం పోసిన చోటును రెండోదాన్ని తీరికగా వాసన చూడనిచ్చి, ఆ తర్వాతే దూరం తగ్గించుకుంటూ వచ్చారు. గొలుసు బిగించి పట్టుకుంటే మన చేతిలోని కంగారు కుక్క మెడకు చేరుతుందని మా వారి చేతిని రెండు మూడుసార్లు వదులు చేయించాడు.

అతను చూసే చూపు వేరు. బెల్లం తోక ఆడించడం చూసి మేము సంబరపడబోతుంటే, “తోక ఊపిందని నమ్మకండి. నిలువుగా లేచి, బిగుసుకుని, కొన మాత్రం గబగబా కొట్టుకుంటే అది స్నేహం కాదు. ఇప్పుడు చూడండి, నడుము దగ్గర్నుంచి ఒళ్లంతా ఊగుతోంది, ఇది మంచిది” అని చూపించాడు. మా ముసలిది ఆవలించి, పెదాలు నాక్కుని, ముఖం పక్కకు తిప్పుకోగానే, అది అలసిపోయిందని, ఆ పూటకు చాలని ఆపేశాడు. నేనైతే ఆ ఆవలింతను నిద్రమత్తు అనుకునేదాన్ని. గుర్రుమన్న కుక్కను కసరకూడదన్న మాట కూడా అక్కడే విన్నాను. గుర్రుమనడం కుక్క ఇచ్చే హెచ్చరిక. దానికి దెబ్బలు పడితే కుక్క హెచ్చరించడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. ఇంటికి తెచ్చే రోజున ముసలిదాన్ని కిందికి దింపి, రెండింటినీ వీధిలో కాసేపు నడిపించి, కలిపే లోపలికి తీసుకువెళ్లాలని, అంతకుముందే బొమ్మలు, ఎముకలు, గిన్నెలు నేల మీద లేకుండా తీసేయాలని, తిండి కొంతకాలం వేర్వేరు గదులలో తలుపు వేసి పెట్టాలని చెప్పి పంపారు. అలాగే చేశాము. తిండి దగ్గర ఒకసారి కూడా గొడవ జరగలేదు.

ఇక పిల్లి సంగతి. దరఖాస్తులో ‘ఇతర జంతువులు’ అన్న గడిలో పిల్లి అని రాశాను. దాన్ని చూసి కేంద్రంవారు, “పిల్లులను ఏమీ అనదులెండి, ఇక్కడ తిరుగుతూనే ఉంటాయి” అన్నారు. అక్కడ తిరిగే పిల్లులు కుక్కలకు అలవాటుపడి గోడ మీద నింపాదిగా కూర్చునేవి. కుక్కలు వాటిని చూసేది ఇనుప జాలీ వెనక నుంచి. ఇంటి పిల్లి అలా కాదు, బెదిరితే పరుగు తీస్తుంది. ఆ పరుగే అప్పటిదాకా ఊరకున్న కుక్కను కూడా వెంటపడేలా చేస్తుంది. నిజంగా పరీక్షించదలిస్తే కుక్కను గొలుసుతో పట్టుకుని, బుట్టలో ఉన్న పిల్లిని తగినంత దూరం నుంచి చూపించి, పేరు పెట్టి పిలిచినప్పుడు తల తిప్పుతుందా, చేతిలోని తిండి తీసుకుంటుందా అని చూడాలి. కదలకుండా బిగుసుకుని, తిండి కూడా పట్టకుండా పిల్లినే చూస్తున్న కుక్కతో జాగ్రత్త అవసరం. ఈ పరీక్ష చేయమని మేము అడిగాము. మనుషులు చాలరని, ఇంటికి వెళ్లాక అవే సర్దుకుంటాయని సమాధానం వచ్చింది.

అవే సర్దుకోలేదు, మేము సర్దవలసి వచ్చింది. పిల్లికి ఒక గది పూర్తిగా ఇచ్చి, దాని నీళ్లు, మలమూత్రాలకు వాడే మట్టి తొట్టె అందులోనే ఉంచాము. రెండూ పడుకునే దుప్పట్లను మార్చి వేసి, ఒకదాని వాసన మరొకదానికి అలవాటు చేశాము. మూసిన తలుపుకు చెరోవైపు తిండి పెట్టాము. ఆ తర్వాత అసలు పనిమంతురాలిగా తేలింది దోమల కోసం ఎప్పుడో బిగించిన జాలీ తలుపు: ఇంట్లో గాలి ఆడుతుంది, ఒకదానికొకటి కనబడతాయి, అందుకోలేవు. మొదట్లో బెల్లం ఆ జాలీ ముందు చెవులు ముందుకు నిక్కించి, ముందుకాలు ఒకటి గాలిలో అలాగే నిలిపి, ఊపిరి బిగబట్టినట్టు నిలబడేది. ముక్కు ముందు ఉడికిన కోడిముక్క పెట్టినా దాని చూపు కదిలేది కాదు. దూరం పెంచి, తల తిప్పిన ప్రతిసారీ ముక్క ఇస్తూ పోగా, కొన్ని వారాలకు జాలీ వైపు వీపు పెట్టి పడుకునే స్థితికి వచ్చింది. ఇప్పటికీ ఇంట్లో మనిషి లేనప్పుడు రెండింటి మధ్య తలుపు మూసే ఉంటుంది. పిల్లికి అటక మీదికి, ఫ్రిజ్ మీదికి దారి ఎప్పుడూ ఖాళీగా ఉంచుతాము. మట్టి తొట్టెను కుక్కకు అందని చోట పెట్టడం ఎందుకో, కుక్కలు పిల్లి మలాన్ని తినేస్తాయని తెలిసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు.

వైద్యం విషయంలో మంచీ చెడూ సమానంగా కనబడ్డాయి. శస్త్రచికిత్స ముందే చేసి, గుర్తుగా చెవి కొనన చిన్న కోత పెట్టారు. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ వంటి వ్యాధులకు వేసే కలిపి టీకా, నులిపురుగుల మందు వేసిన తేదీలతో, సీసాల చీటీలతో సహా పుస్తకం చేతికిచ్చారు. రక్తపరీక్ష మాత్రం లేదు. కోస్తాలో పిడుదుల బెడద ఉన్నంత కాలం ఇది చిన్న లోపం కాదు. గోధుమరంగు కుక్కపిడుదు వల్ల వచ్చే ఎర్లిషియోసిస్ అనే జ్వరం, పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాల తర్వాత గానీ బయటపడదు. కొన్ని కుక్కలలో నెలల తరబడి అణగి కూడా ఉంటుంది. బెల్లం వచ్చిన కొద్ది రోజులకే తిండి మానేసి, మూలన ముడుచుకుంది. రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినట్టు తేలింది. డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 28 రోజులు వాడాక కోలుకుంది. నగరంలోని ప్రైవేటు క్లినిక్‌లు కాక, గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి కూడా విజయవాడవారికి అందుబాటులో ఉంది కనుక, తెచ్చిన వారంలోనే రక్తపరీక్ష చేయించుకోవడం మేలు. ప్రతి కుక్కకూ పరీక్ష చేయించే స్తోమత తమకు లేదని కేంద్రంవారు చెప్పినది నిజమే కావచ్చు. ఆ మాట కుక్కను ఇచ్చేటప్పుడే చెబితే సరిపోయేది.

దీనికంటే నాకు కోపం తెప్పించినది మరొకటి ఉంది. పిడుదులకు మెడ వెనక వేసే చుక్కల మందు ట్యూబు ఒకటి సంచిలో పెట్టి ఇచ్చారు. అట్ట మీద చదివితే అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంది. కుక్కకు ఇబ్బంది లేని ఈ మందును పిల్లి శరీరం విరిచి బయటికి పంపలేదు. ఒంటికి తగిలినా, మందు వేసిన కుక్కను నాకినా వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణానికే ముప్పు. దరఖాస్తులో పిల్లి అని రాసిన ఇంటికి దాన్ని ఒక్క మాట హెచ్చరిక లేకుండా ఇవ్వడం నా దృష్టిలో ఈ కేంద్రం చేసిన అతిపెద్ద పొరపాటు. ఆ ట్యూబును తిరిగి ఇచ్చేసి, పిల్లులున్న ఇంటికి తగిన మందును పశువైద్యుని చేత రాయించుకున్నాము. కుక్కపిల్లను తెచ్చుకునేవారు మరో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. పార్వో వైరస్ సోకాక లక్షణాలు బయటపడడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు, ఇప్పుడు తిరుగుతున్న రకాలు పిల్లులకు కూడా సోకగలవు. ఆ రెండు వారాలు కుక్కపిల్లను వేరుగా ఉంచి, పిల్లి టీకాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. నేలకు మామూలు ఫినాయిల్ చాలదు. 30 పాళ్ల నీటికి ఒక పాలు బ్లీచ్ ద్రావణం కలిపి తుడవాలి.

అప్పగించాక వదిలేయరు, ఇది చెప్పి తీరవలసిన మాట. బెల్లం పడుకున్న పాత గోనెపట్టాను వాసన కోసం వెంట పంపారు. అక్కడ తింటున్న అన్నం, కోడిమాంసం నుంచి ప్యాకెట్ తిండికి వారం పది రోజులలో కొద్దికొద్దిగా మార్చమని, ఒక్కసారి మారిస్తే విరేచనాలు పట్టుకుంటాయని చెప్పారు. ఆ తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూనే ఉన్నారు, ఫొటోలు అడుగుతూనే ఉన్నారు. దీపావళికి ముందు, టపాసుల మోతకు బెదిరి పారిపోకుండా తలుపులు చూసుకోమని గుర్తుచేశారు కూడా. అపార్ట్‌మెంటు సంఘంలో ఒకరిద్దరు అభ్యంతరం చెప్పినప్పుడు, పెంపుడు కుక్కలను సంఘాలు నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రతిని పంపినవారు కూడా వీరే. లిఫ్టులో గొలుసు, కింద మలం తీయడానికి కాగితపు సంచి మా బాధ్యత.

ఇంట్లో కుక్క ఉండి, దానికి తోడు కావాలనుకునేవారు నిస్సంకోచంగా ఈ కేంద్రానికి వెళ్లవచ్చు. ఆదివారాలు సందర్శకుల రద్దీ వల్ల కుక్కలు కుదురుగా ఉండవు. వారం మధ్యలో, ఎండ ముదరకముందే వెళ్తే వాటి స్వభావం సరిగ్గా కనబడుతుంది, ఆ కుర్రాడికీ మాట్లాడే తీరిక ఉంటుంది. పిల్లి ఉన్నవారు వెళ్లవచ్చు గానీ, పిల్లిని చూపించి పరీక్షించడం ఇంకొక రోజు పట్టినా సరే, అది జరిగేదాకా సంతకం పెట్టవద్దు. రెండు గదుల మధ్య తలుపు వేసే వీలు లేని ఇల్లయితే ఆ ఆలోచనే మానుకోవడం మంచిది. కుందేళ్లు, లవ్ బర్డ్స్ పెంచేవారికి మాత్రం, వేటబుద్ధిని పరీక్షించే పద్ధతి ఇక్కడ ఏర్పడేదాకా, ఈ కేంద్రం నుంచి పెద్ద కుక్కను తెచ్చుకోమని నేను చెప్పలేను.