పెట్టె బాగుంది, మడమ స్విచ్చుతోనే నా గొడవ

నాలుగేళ్లుగా కుడికాలికి ఫుట్ డ్రాప్ స్టిమ్యులేటర్ కట్టుకుని నడుస్తున్నాను. వాలిపోయే పాదాన్ని కరెంటుతో లేపే పెట్టె అది. కొన్న కొత్తలో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనుక్కోమని చెప్పాను. ఆ మాట ఇప్పుడు కాస్త సవరించుకోవాలి.

బైక్ మీంచి పడి మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతింది, పూర్తిగా తెగలేదు. చేతులు చాలావరకు తిరిగొచ్చాయి కానీ కుడి పాదం లేవదు, అడుగేస్తే వేళ్లు నేలకి రాసుకుంటాయి. మోకాలి కింద, బయటివైపు బుడిపె ఎముక పక్కన ఉండే నరానికి కరెంటు ఇస్తే పాదం లేస్తుంది. ఆ కరెంటు ఇచ్చే ప్యాడ్ కొంచెం జరిగినా పాదం పైకి లేవకుండా పక్కకి తిరుగుతుంది. పెన్ను గుర్తు స్నానంతో పోతోందని మా ఆవిడ గోరింటాకుతో రెండు చుక్కలు పెట్టింది. వారం దాకా ఢోకా లేదు.

అసలు పేచీ మడమ స్విచ్చుతో. అది చెప్పులో ఉంటుంది. మడమ లేస్తే కరెంటు వస్తుంది, ఆనితే ఆగుతుంది. 1961లో లిబర్సన్ అనే డాక్టర్ పక్షవాతం వచ్చినవాళ్ల కోసం ఈ పద్ధతిని ప్రచురించినప్పుడూ స్విచ్చు బూటులోనే ఉంది. బూట్లతో ఇంట్లో తిరిగే దేశాల్లో అది సరిపోతుంది. మనం గడప దగ్గరే చెప్పులు విప్పుతాం కదా!

మా చెల్లెలి గృహప్రవేశానికి వెళ్లాం. చెప్పులు బయట, స్విచ్చు మడమ కింద, దాని మీద సాక్సు. "కుడికాలు ముందు పెట్టు అన్నయ్యా" అంది. నాకున్న తంటా ఆ కాలితోనే. గడప దాటాను, అందరూ మెచ్చుకున్నారు కూడా. లోపల హారతి దగ్గర నిలబడి ఉంటే పాదం దానంతటదే ఎగిరింది. మళ్లీ ఎగిరింది. సాక్సులో మడతపడి స్విచ్చు తీగ లోపల తెగినట్టుంది, కలుస్తూ విడిపోతోంది. బరువు ఆన్చిన కాలు అలా ఎగిరేసరికి మోకాలు ముందుకి మడతపడి, బావగారి మీద పడ్డాను. ఆయన చేతిలో పళ్లెం, పళ్లెంలో కర్పూరం. ఎవరికీ కాలలేదు, అదే పదివేలు. కొత్త తీగ కోసం కంపెనీకి ఫోన్ చేస్తే ఐదు వారాలు తిప్పారు. ఇప్పుడు రెండు తీగలు దగ్గర పెట్టుకుంటున్నాను.

కాలు వాలడాన్ని బట్టి పనిచేసే రకం కూడా ఉంది, స్విచ్చు అక్కర్లేదు. ట్రయల్ వేశాను. నా నడక మరీ నెమ్మది, రెండడుగులకోసారి పట్టుకోలేకపోయింది. చురుగ్గా నడిచేవాళ్లయితే ముందు దాన్నే చూడండి.

రోజంతా నడిపిస్తుందని అప్పట్లో చెప్పాను. నిజానికి గంట దాటితే కండరం అలిసిపోయి పాదం సగమే లేస్తుంది. ఎండాకాలం చెమటకి జెల్ ప్యాడ్‌లు తొందరగా ఊడిపోతాయి. కానీ ఒకటి నేను ఊహించలేదు: వాడి విప్పేశాక కాసేపు పాదం కొంచెం తనంతట తాను లేస్తుంది. ఎంతసేపని అడక్కండి, ఒక్కోరోజు ఒక్కోలా.

2018లో స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో వెన్నులో ఎలక్ట్రోడ్‌లు అమర్చి నడిపించిన వీడియోలు బంధువులు ఇప్పటికీ పంపుతుంటారు. అది ఆపరేషన్‌తో చేసేది, దీనికీ దానికీ పోలిక లేదు.

నడుం కింద దెబ్బ తగిలి కాలికెళ్లే నరమే పోయినవాళ్లకి ఇది పనిచేయదు. ఫిజియో దగ్గర ఒకసారి కరెంటు పెట్టించుకుని, పాదం లేస్తేనే డబ్బు తీయండి. నాకైతే పొద్దున వాకింగ్‌కీ బ్యాంకుకీ బంగారం. గుడికి మాత్రం ఇప్పటికీ కర్రతోనే వెళ్తున్నాను.