అమెద్ తీరంలో బస: పడవలు, నీళ్లు, నేల కాగితాలు

బుకింగ్ సైట్లలో అమెద్ అని కనిపించేది ఒక్క ఊరు కాదు. బాలి తూర్పు కొసన, కారంగాసెం జిల్లాలో, సముద్రం వెంబడి పది కిలోమీటర్లకు పైగా సాగే జాలరి పల్లెల వరస అది. పడమటి నుంచి వస్తే ముందు అసలు అమెద్, తర్వాత జెమెలుక్, బునుతన్, లిపా, లెహాన్, సెలాంగ్, బన్యునింగ్, ఆస్. ఒక్కో పల్లె ఒక్కో వంపులో ఉంటుంది. పల్లెకీ పల్లెకీ మధ్య కొండ ఎక్కి దిగాలి. మ్యాప్‌లో రెండు కిలోమీటర్లే కదా అని మధ్యాహ్నం నడక మొదలుపెడితే ఆ ఎక్కుడు దగ్గరే తెలిసొస్తుంది. కాబట్టి గది ఫొటోలు తర్వాత, ముందు అది ఏ వంపులో ఉందో చూసుకోండి.

విమానాశ్రయం నుంచి కుసాంబా, చాందీదాసా, అమ్లాపురా, తీర్థగంగ మీదుగా సుమారు 100 కిలోమీటర్లు, రెండున్నర నుంచి మూడు గంటలు. చులిక్ కూడలిలో కుడికి తిరగాలి, నేరుగా పోతే తులాంబెన్ వస్తుంది. యాప్ క్యాబ్‌లో అమెద్ దాకా రావచ్చు గానీ, తిరుగు ప్రయాణానికి అలా దొరకడం కష్టం. బస చూసుకునేటప్పుడే రానూపోనూ కారు మాట్లాడుకుంటే నయం. ఏటీఎంలు ఈ తీరంలో తక్కువ, కావలసిన నగదు అమ్లాపురాలోనే తీసుకోండి.

మొదటిసారి వెళ్లేవాళ్లకి, ఈత అంతంతమాత్రం వచ్చినవాళ్లకి జెమెలుక్ సరైన చోటు. ఒడ్డు నుంచి కొన్ని గజాల దూరంలోనే పగడాలు మొదలవుతాయి, పడవ అక్కర్లేదు. సాయంత్రం కొండ మలుపు దగ్గర నిలబడితే వంపు వెనక అగుంగ్ అగ్నిపర్వతం కనిపిస్తుంది. ఆ మలుపు దగ్గర బైకుల రద్దీ మాత్రం విసుగు పుట్టిస్తుంది. అసలు అమెద్ పల్లె నేల చదును, గదులు చవక, కానీ నీళ్లలో చూడ్డానికి పెద్దగా ఏమీ లేదు. పిల్లలతో వెళ్తే లిపా మేలు. బన్యునింగ్‌లో ఒడ్డుకి దగ్గర్లోనే, లోతు తక్కువ నీళ్లలో ఒక చిన్న జపాన్ ఓడ మునిగి ఉంది, మాస్కు పెట్టుకుని పైనుంచే చూడొచ్చు. అయితే అక్కడ భోజనశాలలు తక్కువ, బండి లేకపోతే ఇబ్బంది. తులాంబెన్ డైవింగ్ కోసం వచ్చేవాళ్ల ఊరు. 1942 జనవరిలో జపాన్ జలాంతర్గామి టార్పెడోకి దెబ్బతిన్న అమెరికా సరకు ఓడ లిబర్టీని అక్కడి ఒడ్డుకి చేర్చారు. 1963లో అగుంగ్ బద్దలైనప్పుడు అది ఒడ్డు నుంచి నీళ్లలోకి జారింది. ఇప్పుడు అయిదు మీటర్ల లోతు నుంచి ముప్ఫై దాకా పడుకుని ఉంది. డైవింగ్ చెయ్యని మనిషికి తులాంబెన్‌లో రెండో రోజు పొద్దు గడవదు.

అన్నిచోట్లా ఒడ్డు నల్లటి ఇసుక, గులకరాళ్లే. రబ్బరు అడుగున్న బూట్లు లేకుండా నీళ్లలోకి దిగితే కాళ్లు కాలతాయి, లేదా కోసుకుంటాయి.

ఆ ఒడ్డు మీద వరసగా కనిపించేవి జుకుంగ్‌లు. సన్నటి పడవ, రెండు పక్కలా వంపు చేతుల చివర కట్టిన లావుపాటి వెదురు బొంగులు, ముక్కోణపు తెరచాప, వెనక చిన్న ఇంజను. ముందు కొసన ఏనుగు తొండం, పెద్ద కళ్లు ఉన్న గజమీన ముఖం. పూర్వం ఒకే మాను తొలిచి చేసేవారు, ఇప్పుడు ఫైబరువీ వచ్చాయి. చీకటి ఉండగానే ఒకరో ఇద్దరో ఎక్కి వెళ్తారు. ఒకే తాడుకి వరసగా కట్టిన గాలాలతో సూర, కానగంతల్లాంటి చేపలు పట్టి, ఎండ ముదరకముందే తిరిగొస్తారు. రాగానే నలుగురైదుగురు చేరి పక్క చేతులు పట్టుకుని ఎత్తి, అల తగలనంత పైకి మోస్తారు. ఇందుకు ఏటవాలు ఒడ్డు ఖాళీగా ఉండాలి. రిసార్టువాళ్లు రాతి గోడ కట్టినచోట అల గోడకి కొట్టి వెనక్కి లాగుతూ ఇసుకని తీసుకుపోతుంది, పడవలకి చోటు తగ్గుతుంది. ఊరివాళ్లతో పేచీ అక్కడే మొదలవుతుంది. బస ఎంచుకునేటప్పుడు దాని ముందున్న ఒడ్డు మీద పడవలు ఉన్నాయంటే అది లోపం కాదు, ఒడ్డు బతికి ఉందని గుర్తు. కాకపోతే తెల్లవారుజామున ఇంజన్ల చప్పుడుంటుంది. నిద్ర ముఖ్యమైతే రోడ్డుకి కొండవైపున్న గది తీసుకోండి.

పడవ షికారు కావాలంటే చేపలు పట్టే మనిషినే నేరుగా అడగండి. ఎంతసేపు, ఎక్కడిదాకా, మాస్కు కలిపా కాదా అన్నది ముందే తేల్చుకోవాలి. లైఫ్ జాకెట్ అడిగి తీసుకోవాలి, వాళ్లంతట వాళ్లు ఇస్తారనుకోవద్దు. పక్కనున్న లోంబోక్ దీవి దగ్గరి చిన్న దీవులు గిలీలకి వెళ్లే స్పీడ్ బోట్లు ఇక్కడి నుంచే ఉన్నాయి, గంట అటూ ఇటూ. మధ్యాహ్నానికి గాలి లేస్తుంది, పొద్దున బోటే తీసుకోండి. మోకాలి లోతు నీళ్లలో నడిచి ఎక్కాల్సి రావచ్చు, ల్యాప్‌టాప్ అడుగు సంచిలో పెట్టకండి. డైవింగ్ చేసినవాళ్లు విమానం ఎక్కేముందు కనీసం 18 గంటలు ఆగాలి. డైవర్లకి వచ్చే ఒత్తిడి జబ్బుకి వైద్యం చేసే గది డెన్‌పసార్‌లో ఉంది, అంటే రెండు గంటల పైన. బీమా పత్రంలో డైవింగ్ అన్న మాట ఉందో లేదో బయల్దేరేముందే చూసుకోవాలి.

హోమ్‌స్టేలలో అడగాల్సిన ప్రశ్నలు రెండే, కరెంటు ఎంత, నీళ్లు ఎక్కణ్ణుంచి. ఇళ్లకి 900, 1300, 2200 వీఏ (వోల్ట్-ఆంపియర్) చొప్పున కనెక్షన్లు ఇస్తారు. 1300 అంటే 6 ఆంపియర్లు. ఒక ఏసీ నడుస్తుండగా గీజరు వేస్తే బ్రేకరు పడిపోతుంది. చాలా ఇళ్లలో ముందుగా డబ్బు కట్టే మీటరు ఉంటుంది. రాత్రి అది కీచుమని అరుస్తోందంటే టోకెన్ అయిపోవస్తోందని అర్థం, ఇంటివాళ్లని లేపక తప్పదు. ఇది ఎండు కొండల తీరం, బావి నీళ్లు తరచు ఉప్పగా ఉంటాయి. స్నానం చేశాక జుట్టు అట్టకడుతుంది. ట్యాంకరు నీళ్లు వాడే ఇల్లయితే ఆ బాధ లేదు, గది అద్దెలో ఆ తేడా కనిపిస్తుంది. తాగడానికి 19 లీటర్ల గాలన్ డబ్బా గదిలో పెట్టమనండి.

శాకాహారులకి చిక్కు తెరాసితో, అంటే రొయ్యల ముద్దతో. సంబల్ అనే మిరప పచ్చడిలో, కూరల మసాలాలో కంటికి కనిపించకుండా కలిసిపోయి ఉంటుంది. 'తన్పా తెరాసి, తన్పా ఇకాన్' (రొయ్యల ముద్ద వద్దు, చేప వద్దు) అని వంటవాళ్లకే చెప్పాలి. టెంపె (పులియబెట్టిన సోయా గింజల అచ్చు), తాహు (సోయా పనీరు), అన్నం అంతటా దొరుకుతాయి. చేపలు తినేవాళ్లు 'ఇకాన్ బాకార్', అంటే నిప్పుల మీద కాల్చిన చేప అడిగి, నిప్పుల మీద పెట్టకముందే తూకం, ధర అడగండి.

మన పాస్‌పోర్టుకి 5,00,000 రూపియాలకి 30 రోజుల వీసా ఆన్ అరైవల్ ఉంది, ఒకసారి పొడిగించుకోవచ్చు. బాలి పర్యాటక రుసుము 1,50,000 వేరే. న్యేపి, అంటే బాలివాళ్లు మౌనంగా జరుపుకునే కొత్త సంవత్సరం రోజున విమానాశ్రయం మూతపడుతుంది, రోడ్డు మీదకీ ఒడ్డు మీదకీ ఎవరూ రాకూడదు. అది అమావాస్య లెక్క కాబట్టి ఉగాదికి దగ్గర్లో పడుతుంటుంది, 2026లో రెండూ మార్చి 19నే.

ఇక నేల సంగతి. రెండు రోజులుంటే చాలు, 'సముద్రం ముందు స్థలం ఉంది, లీజుకిస్తాం' అని ఎవరో ఒకరు అంటారు. కొలత ఆరెలలో చెప్తారు. ఒక ఆరె 100 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 120 గజాలు, రెండున్నర సెంట్లు. లీజు ధర ఆరెకి ఏడాదికి ఇంత అని ఉంటుంది, పాతిక ముప్ఫై ఏళ్ల మొత్తం ముందే కట్టమనడం మామూలు. 1960 నాటి భూమి చట్టం ప్రకారం పూర్తి హక్కు, అంటే హక్ మిలిక్, ఇండోనేషియా పౌరులకే. స్థానికుడి పేరున కొని లోపల వేరే అగ్రిమెంటు రాసుకుందాం అంటే అది అచ్చంగా బినామీ. ఆ చట్టంలోని 26వ సెక్షన్ దాన్ని చెల్లనివ్వదు, డబ్బూ తిరిగి రాదు. నివాస అనుమతి ఉన్న విదేశీయుడికి హక్ పకాయ్ అనే వాడకపు హక్కు దొరుకుతుంది, 30 ఏళ్లు, పొడిగింపు 20, ఆపైన మళ్లీ 30. మిగతావాళ్లకి లీజే.

లీజు పత్రంలో కొంప ముంచేది పొడిగింపు వాక్యం. 'గడువు తీరాక ఇద్దరూ ఒప్పుకున్న ధరకి' అని రాసి ఉంటే అది రాయనట్టే. అప్పటికి సంతకం పెట్టిన తండ్రి ఉండడు, కొడుకులు ఆనాటి ధర అడుగుతారు. ధర కట్టే సూత్రాన్ని ఇప్పుడే రాయించాలి, వారసులందరి చేతా సంతకం పెట్టించాలి. 'పిపిల్' అని చూపించే పాత పన్ను కాగితం పట్టా కాదు. సర్టిఫికెట్ అసలుదో కాదో భూమి కార్యాలయంలో నోటరీ చేత సరిచూపించాలి. ఊరి ఉమ్మడి నేలయితే, అంటే దేశ ఆదాత్ అనే సంప్రదాయ గ్రామ సంఘం పేరున ఉంటే, ఒక కుటుంబం ఒక్కటే ఇవ్వడానికి లేదు. బంజార్ (పేట సంఘం) పెద్దల్ని కలవకుండా ముందుకి వెళ్లొద్దు. అలల పై గీత నుంచి కనీసం 100 మీటర్లు తీర రక్షణ పట్టీ. ఆ లోపల ఇప్పటికే హోటళ్లున్నాయి కదా అన్న వాదన కొత్త కట్టడం అనుమతి ఇప్పించదు. లీజు మొత్తం మీద 10 శాతం పన్ను చట్టప్రకారం ఇచ్చేవాడిది, పత్రంలో మెల్లగా మన నెత్తిన రాస్తారు.

స్థలం చూడ్డానికి రెండుసార్లు వెళ్లాలి, ఎండాకాలంలో ఒకసారి నీళ్ల కోసం, తెల్లవారుజామున ఒకసారి దారి కోసం. ఒడ్డుకి దిగే కాలిబాట పక్కవాడి నేలలోంచి పోతోందా, ఆ బాట మీంచే పడవల వాళ్లు ఇంజన్లు మోసుకెళ్తున్నారా అన్నది అప్పుడే కనిపిస్తుంది. ఆ బాట మూసేస్తే పత్రం ఎంత పక్కాగా ఉన్నా ఆ ఊళ్లో ఇల్లు కట్టనివ్వరు. కట్టడానికి సముద్రపు ఇసుక వాడతానన్న మేస్త్రీని వద్దనండి. ఉప్పు లోపలి ఇనుముని తినేసి, కొన్నేళ్లకే స్లాబు పెచ్చులూడుతుంది. ఏసీ బయటి పెట్టె కూడా సముద్రం వైపు కాకుండా కొండవైపు పెట్టించండి.