ఏడేళ్ల ట్యూబు ఆంప్, దాని గుయ్యిమనే మోత

ఈ గిటారు ఆంప్లిఫయర్ కొని ఏడేళ్లు దాటింది. 15 వాట్ల ట్యూబు ఆంప్, అంటే ట్రాన్సిస్టర్లకు బదులు పాతకాలపు గాజు వాల్వులతో ధ్వనిని పెంచేది. స్పీకరును నడిపే పవర్ వైపు రెండు ఈఎల్84 రకం ట్యూబులు, గిటారు సంకేతాన్ని మొదట పెంచే ముందు వైపు మూడు 12ఏఎక్స్7 రకం ట్యూబులు, 12 అంగుళాల స్పీకరు ఒకటి. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. ఇన్నేళ్లలో నేను దాన్ని తిట్టిన తిట్లలో సగానికి పైగా దానికి తగలాల్సినవి కావు.

నాదం గురించి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. తీగను మెల్లగా మీటితే తేటగా పలుకుతుంది, గట్టిగా మీటితే గరుకెక్కుతుంది. నాబు తిప్పే పని లేదు, తేడా అంతా వేళ్లలోనే. దానికోసమే కొన్నాను, అందులో లోటు లేదు. నా గోలంతా మోత గురించే.

కొన్న వారానికే గుయ్యిమంటోందని దుకాణానికి మోసుకెళ్లాను. అక్కడ చప్పుడే లేదు. ఇంటికి తెస్తే మళ్లీ అదే మోత. పైగా ఆంప్ మీది ఇనుప భాగం ముట్టుకుంటే వేళ్లు జిల్లుమనేవి. ఎలక్ట్రీషియన్ వచ్చి టెస్ట్ ల్యాంపు పెట్టాడు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య బల్బు వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య వెలగలేదు. మా అద్దె ఇంట్లో మూడో కన్నం అలంకారానికే ఉంది, దాని వెనక తీగే లేదు. కొత్తగా ఎర్తు తీగ లాగించి, గుంతలో ఉప్పు, బొగ్గు వేయించాక ఆ జిల్లు పోయింది, మోత చాలావరకు తగ్గింది. ఎండాకాలంలో ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడం ఇప్పుడు నా పని. అంతకు ముందు ఒక స్నేహితుడు, ప్లగ్గుకున్న ఎర్తు పిన్ను విరగ్గొడితే మోత పోతుందని సలహా ఇచ్చాడు. కొన్నిసార్లు నిజంగానే పోతుంది. మనిషి కూడా పోవచ్చు.

మిగిలిన మోతను పట్టుకోవడానికి పనికొచ్చింది చెవే. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులను లోపల వేడిచేసే ఫిలమెంటు వైపు నుంచి వచ్చే మోత సాధారణంగా ఆ శ్రుతిలో ఉంటుంది. ఏసీని డీసీగా మార్చాక వడపోత సరిగా లేకపోతే వచ్చే మోత దానికి రెట్టింపు, 100 హెర్ట్జ్. గిటారు ఆరో తీగ మూడో ఫ్రెట్టు 98 హెర్ట్జ్. మోత ఆ స్వరానికి రవ్వంత పైన వినిపిస్తే 100, ఒక స్థాయి కింద వినిపిస్తే 50.

తర్వాత గిటారు వైరు ఊడదీసి వినాలి. మోత ఆగితే ఆంప్ నిర్దోషి. నా గిటారుది సింగిల్ కాయిల్ పికప్, అంటే తీగల కదలికను పట్టే ఒంటి తీగచుట్ట. చుట్టుపక్కల కరెంటు రొదను కూడా పట్టేస్తుంది. ఫ్యాను రెగ్యులేటరు మూడులో ఉంటే చిర్రుమంటుంది, ఐదుకు తిప్పితే సగం పోతుంది. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంటే ఒక కోణంలో దాదాపు మాయమవుతుంది. ఆ చోట నేల మీద సుద్దముక్కతో గీత గీసి ఉంచాను. గిటారు తీసేసినా మోగుతూ, వాల్యూమ్ సున్నా చేస్తే ఆగితే ముందు వైపు ట్యూబులను అనుమానించాలి. సున్నాలోనూ ఆగకపోతే పవర్ వైపు చూడాలి.

ఐదో ఏట అదే జరిగింది. వాల్యూమ్ సున్నా, అయినా 100 హెర్ట్జ్ మోత, వారం వారం పెరుగుతూ. పవర్ ట్యూబుల జత కుదరకపోయినా ఇలాగే మోగుతుంది కదా అని కొత్త జత కొని వేశాను. డబ్బు దండగ. చివరికి కోఠి గుజరాతీ గల్లీ దగ్గర, వాల్వు రేడియోల కాలం నుంచి పనిచేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వెనక పలక విప్పి ముందుగా మీటరు పెట్టి చూపించారు. ప్లగ్గు తీసి పది నిమిషాలైనా లోపలి కెపాసిటర్లలో 200 వోల్టులకు పైనే నిలిచి ఉంది. "నిద్రపోతున్నట్టే కనిపిస్తుంది బాబూ" అన్నారు. రెసిస్టరు ఆనించి ఆ నిల్వను దించి, ముల్లు సున్నాకు దిగేదాకా లోపల వేలు పెట్టలేదు. డీసీని వడపోసే మొదటి ఫిల్టరు కెపాసిటరు నెత్తి ఉబ్బి ఉంది. దానితోపాటు వరసలో ఉన్న మరో రెండూ మార్చేశారు. ఆ సాయంత్రం ఇంట్లో స్విచ్చి వేశాక, ఆన్ అయిందో లేదో తెలియక వెనక్కి వెళ్లి ట్యూబుల్లో ఎర్రటి వెలుగు చూడాల్సి వచ్చింది. ఈ పని ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

ఇంట్లో చేసుకోగలిగింది పెన్సిలు పరీక్ష. ఆంప్ పనిచేస్తుండగా, చెయ్యి ఇంకెక్కడా తగలకుండా, ముందు వైపు ట్యూబులను పెన్సిలు చివరతో మెల్లగా తట్టాలి. నిరుడు నా మొదటి ట్యూబును తడితే స్పీకరులో టంగుమని గంటలా మోగింది. ఆంప్ ఆపి, గాజు చల్లారాక కొత్తది అక్కడ పెట్టి, పాతదాన్ని మూడో సాకెట్లోకి మార్చాను. మొదటి ట్యూబు చేసే రొదను మిగతావన్నీ పెంచుతాయి, మూడో చోట అంత పెంపు ఉండదు. ఇప్పటికీ అక్కడే పడి ఉంది.

నిశ్శబ్దం ముఖ్యమనుకునేవాళ్లు ఇది కొనవద్దు. ముందు వైపు పెంపును మార్చే గెయిన్ నాబు ఏడు దాటితే సన్నటి బుస ఉంటుంది, దాని జోలికి వెళ్లడం మానేశాను. రికార్డింగు ఉన్న రోజు ఫ్యాను ఆపేసి, సుద్దగీత మీద కుర్చీ వేసుకుని, చెమటలు కక్కుతూ వాయిస్తాను.