ఒంటిగంటకి టేబుల్ బుక్ చేశాం: ఆరేళ్ళ శనివారం నడకలు

మొదటే ఒప్పుకుంటాను. ఈ ఆరేళ్ళూ మా శనివారం నడక సాగిందంటే, అది పబ్‌లో ఒంటిగంటకి బుక్ చేసుకున్న టేబుల్ పుణ్యమే.

2019 అక్టోబరులో మొదలుపెట్టాం. ఉండేది ఇంగ్లండ్ దక్షిణ తీరంలో, బ్రైటన్‌లో. మొత్తం ఐదుగురం: నేను, మా ఆఫీసు వాళ్ళిద్దరు, వాళ్ళలో ఒకతని భార్య, మా వీధి చివర ఉండే రిటైర్డ్ టీచరు ఒకావిడ. ఆఫీసు వాళ్ళలో ఒకడు వరంగల్ తమ్ముడు, మిగతావాళ్ళు ఇంగ్లీషువాళ్ళు. వారం వారం సౌత్ డౌన్స్ కొండల్లోనో, సముద్రం పక్కన సుద్దకొండల మీదో 12 నుంచి 15 కిలోమీటర్లు నడవడం, మధ్యలో ఎక్కడో పబ్‌లో భోంచేయడం. "మేమూ మొదలుపెట్టొచ్చా? బాగుంటుందా?" అని అడిగే మనవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది రాస్తున్నాను.

మా పద్ధతి ఇది. శుక్రవారం సాయంత్రం మ్యాపు పరుస్తాం. ఆర్డ్‌నెన్స్ సర్వే అనే ప్రభుత్వ మ్యాపుల సంస్థ వాళ్ళ ఎక్స్‌ప్లోరర్ మ్యాపుల్లో మా వైపుకి రెండు చాలు: బ్రైటన్‌కి ఓఎల్ 11, ఈస్ట్‌బోర్న్ వైపుకి ఓఎల్ 25. వాటిలో నాలుగు సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. కాలిబాటలు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి, పబ్ ఉన్నచోట నీలిరంగు బీరు మగ్గు బొమ్మ ఉంటుంది. మేం ముందు ఆ మగ్గు మీద వేలు పెట్టి, అక్కణ్ణించి వెనక్కి దారి వెతుకుతాం. నెయిస్మిత్ అనే స్కాట్లండ్ కొండలెక్కే ఆయన 1892లో ఒక లెక్క చెప్పాడు: గంటకి 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎత్తుకీ ఇంకో గంట. మాకు ఆ లెక్క కుదరదు. ప్రతి గేటు దగ్గరా ఆగి ఫ్లాస్కు తీసేవాళ్ళం మేము. గంటకి 4 వేసుకుంటే ఒంటిగంటకల్లా చేరతాం.

టేబుల్ బుక్ అయ్యాక ఇంక ఎవరూ తప్పించుకోలేరు. పొద్దున్నే కిటికీలోంచి వాన చూసి "ఇవాళ వద్దులే" అనాలని అందరికీ ఉంటుంది, కానీ ఐదుగురికి టేబుల్ చెప్పాం కదా అని నోరు రాదు. ఈ మాట 2020లో రుజువైంది. లాక్‌డౌన్‌లో పబ్బులు మూశారు. నడవడానికి మాత్రం అనుమతి ఉంది, గుంపుగా కాకపోయినా మే నెల మధ్య నుంచి ఇద్దరిద్దరుగా పోవచ్చు. పోయామా? రెండు వారాలు పోయి మానేశాం. జులై 4న పబ్బులు తెరిచారు, ఆ తర్వాతి శనివారం ఐదుగురం బస్టాపులో ఉన్నాం. మరుసటి ఏడు మళ్ళీ మూసి, ఏప్రిల్ 12 నుంచి బయట బల్లల దగ్గర మాత్రమే అన్నప్పుడు, కోట్లు వేసుకుని వణుకుతూ సూప్ తాగాం. అయినా పోయాం.

ఇక దారులు. ఒక్కటే చెప్పమంటే సెవెన్ సిస్టర్స్. సీఫర్డ్ దాకా రైల్లో వెళ్ళి, సీఫర్డ్ హెడ్ ఎక్కి, కక్మియర్ నది వంతెన దగ్గర దాటి, తెల్లటి సుద్దకొండల వరస మీదుగా బర్లింగ్ గ్యాప్ దాకా. పేరుకి ఏడుగురు అక్కచెల్లెళ్ళు, ఎక్కి దిగి లెక్కపెడితే ఎనిమిదవుతాయి. ఆరోదాని మీద మా వరంగల్ తమ్ముడు గడ్డిలో కూలబడి "ఇంకెన్ని ఉన్నయ్ అన్నా?" అన్నాడు. నేను రెండన్నాను, వాడు నమ్మలేదు. పైన రక్షణ కంచె ఉండదు. అంచు కింద సుద్ద డొల్లగా ఉండి ఎప్పుడు విరుగుతుందో చెప్పలేం కాబట్టి కనీసం ఐదు మీటర్లు లోపలికి నడవాలి. సముద్రం ఎంత కోసేస్తోందో తెలియాలంటే ఇంకాస్త తూర్పున బెల్ టూట్ పాత లైట్‌హౌస్ చూడండి. 1999లో ఆ కట్టడాన్ని విప్పకుండా మొత్తంగా 17 మీటర్లు వెనక్కి జరిపారు. దాని తర్వాత బీచీ హెడ్, 162 మీటర్లు, బ్రిటన్‌లో సముద్రపు సుద్దకొండల్లో అన్నిటికన్నా ఎత్తయినది. అక్కడ ఎదురుగాలి వీస్తే మాట్లాడటానికి నోరు తెరవలేం.

బురద గురించి ఎవరూ ముందు చెప్పరు, నేను చెబుతాను. ఇక్కడ రెండు రకాలుంది. కొండ మీద తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది. దిగేటప్పుడు వెల్లకిలా పడకుండా వచ్చిన చలికాలం నాకు లేదు. కొండ దిగి ఉత్తరానికి పోతే వీల్డ్ అనే ప్రాంతం, అక్కడ బంకమట్టి. మాది ప్రకాశం జిల్లా కాబట్టి నాకు కొత్త కాలేదు. అచ్చం తొలకరి పడ్డ రేగడి చేలో నడిచినట్టే, అడుగు అడుగుకీ బూటు కింద అర కేజీ చేరుతుంది. మొదటి బూట్లు 120 పౌండ్లు పెట్టి కొన్నాను, నీళ్ళు దిగవన్నారు. పద్నాలుగు నెలలకే కుడికాలి వేళ్ళు చెరువులో పెట్టినట్టయ్యాయి. కంపెనీకి రాస్తే "సహజమైన అరుగుదల" అని జవాబు. తర్వాత కొన్న తోలు బూట్లకి నెలకోసారి మైనం రాస్తున్నాను, ఐదో ఏడు నడుస్తోంది.

భోజనం సంగతి నాకు కాస్త చిక్కు. నేను మాంసం తింటాను, కానీ శనివారం ముట్టను. మిగతావాళ్ళకి కుదిరే రోజు శనివారం ఒక్కటే. అలా ఆరేళ్ళుగా సస్సెక్స్ పబ్బుల్లో పుట్టగొడుగులు పెట్టి కాల్చిన 'పై', హలూమీ అనే చీజ్ పెట్టిన బర్గర్, లేకపోతే రొట్టె, చెడ్డార్ చీజ్, పికిల్ పెట్టి ఇచ్చే ప్లవ్‌మన్స్ లంచ్. ఈ చివరిదే నయం. పికిల్ అంటే మన పచ్చడి ఊహించుకోకండి, తియ్యగా ఉంటుంది. చిప్స్‌ (ఇక్కడ చిప్స్ అంటే వేడివేడి ఫ్రెంచ్ ఫ్రైలు) అడిగే ముందు దేంట్లో వేయిస్తారో అడగాలి. కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారని నాకు రెండేళ్ళకి తెలిసింది, అప్పటికి ఎన్ని తిన్నానో వెంకన్నకే ఎరుక. ఎక్కడా సాటిరానిది మాత్రం ఒకటుంది: నవంబరులో తడిసి లోపలికొచ్చి, తలుపు దగ్గర బూట్లు విప్పి, మేజోళ్ళతో నెగడు పక్కన కూర్చునే మొదటి పది నిమిషాలు.

రౌండ్ల పద్ధతి కూడా తెలుసుకుని వెళ్ళండి. ఒక్కొక్కళ్ళు ఒక్కోసారి అందరి డ్రింకులూ కొంటారు. నాది లైమ్ సోడా కదా, చవకే కదా అని రెండు వారాలు కదలకుండా కూర్చున్నాను. మూడోవారం టీచరుగారు ఖాళీ గ్లాసు నా ముందుకి రెండంగుళాలు జరిపి, నవ్వి, కిటికీలోంచి బయటికి చూశారు. ఆ రెండంగుళాలు ఇప్పటికీ గుర్తే. లేచి వెళ్ళి అందరికీ తెచ్చాను. ముగ్గురికి లూయిస్‌లో కాచే హార్వీస్ బెస్ట్ అనే బీరు.

అంతా సాఫీగా జరగదు. 2022 ఫిబ్రవరిలో ఒకచోట బాట మీదికి నీళ్ళొచ్చి చుట్టూ తిరిగొచ్చేసరికి రెండూ పది అయింది. బుకింగ్ ఉన్నా వంటగది రెండింటికే మూసేశారు. దొరికినవి ఉప్పు వెనిగర్ క్రిస్ప్స్ (మనం చిప్స్ అనేవి), వేయించిన పందిచర్మం ముక్కలు. శనివారం కాబట్టి నాకు క్రిస్ప్సే. ఇంకోసారి దూడలున్న ఆవులు గుంపుగా మా వెనకబడ్డాయి, మాతో టీచరుగారి కుక్క ఉంది. పసుల మధ్య పెరిగినవాణ్ణి, నాకేం భయం అనుకున్నాను. ఊళ్ళో ఆవుల మెడలో తాడుంటుందని అప్పుడు గుర్తొచ్చింది. ఇలాంటప్పుడు కుక్కని వదిలేయాలి, తనని తాను అది కాపాడుకుంటుంది. ఆవిడ వదిలారు, మేం కంచె దూకాం.

అమ్మ వచ్చినప్పుడు మాత్రం దారి నేను ఎంచాను. క్లేటన్ దగ్గర జాక్, జిల్ అని రెండు గాలిమరలున్నాయి, అక్కణ్ణించి పాచమ్ వైపు దిగుతుంటే గొర్రెల మేత మధ్యలో తెల్లటి పాలరాతి ఛత్రి, అంటే గొడుగులాంటి గుమ్మటం, కనిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు 53 మందిని దహనం చేసిన చోటు అది. 1921లో కట్టడాన్ని ఆవిష్కరించారు. అమ్మకి ఇదంతా చెబుతున్నాను, ఆవిడ వినడం ఆపి, తడిగడ్డిలో బూట్లు విప్పి మెట్లెక్కింది. టీచరుగారు ఆవిణ్ణి చూసి, మాట్లాడకుండా తన లేసులు విప్పుకున్నారు. ఆరోజు పబ్‌కి అరగంట ఆలస్యంగా చేరాం, ముందే ఫోన్ చేసి చెప్పాం కాబట్టి టేబుల్ ఉంచారు.

ఖర్చు: మనిషికి వారానికి భోజనం, డ్రింకు, బస్సు కలిపి 30 పౌండ్ల దాకా. మోకాళ్ళకి ఏమైనా అయిందా అంటే, దిగేటప్పుడు ఎడమది నొప్పి అంటుంది, ఒక కర్ర కొన్నాను. పదికి ఎనిమిది ఇస్తాను. పోయిన రెండూ తిండి దగ్గర పోయాయి.

మొదలుపెట్టేవాళ్ళు ఫోన్లో టేబుల్ చెప్పేటప్పుడు రెండే అడగండి: వంటగది ఎన్నింటికి మూస్తారు, చిప్స్ ఏ నూనెలో వేయిస్తారు.