కార్ల్స్‌బాడ్ గుహలు: పసిపిల్లలతో వెళ్తే లిఫ్టా, నడకదారా?

న్యూ మెక్సికో రాష్ట్రపు ఆగ్నేయ మూలన, టెక్సస్ సరిహద్దుకు దగ్గరలో, గ్వాడలూప్ పర్వతాల కింద ఉన్న కార్ల్స్‌బాడ్ కావెర్న్స్ నేషనల్ పార్కుకు డాలస్ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు సెలవుల్లో వెళ్లి వస్తూనే ఉంటాయి. వచ్చినవారు ఫొటోలు చూపిస్తారు గానీ, మూడేళ్ల పిల్లను చంకన వేసుకుని ఆ గుహలో రెండు గంటలు తిరగడం ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. ఏడేళ్ల బాబు, మూడేళ్ల పాప, విశాఖపట్నం నుంచి వచ్చిన మా అమ్మ, మేమిద్దరం కలిసి జూన్ నెలలో వెళ్లాం కనుక ఆ సంగతే రాస్తున్నాను. ఈ గుహ చిన్నపిల్లలకు తగినదే. అయితే లోపలికి ఏ దారిన దిగుతారన్న దాన్ని బట్టే మీ రోజు బాగుండడమో, పాడవడమో తేలుతుంది.

నేల కింద ఉన్న ప్రధాన మందిరాన్ని ఇక్కడ ‘బిగ్ రూమ్’ అంటారు. అక్కడికి చేరడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది సందర్శకుల కేంద్రం లోపలి నుంచే దిగే లిఫ్టు. దాదాపు 750 అడుగుల లోతుకు ఒక్క నిమిషంలో దింపేస్తుంది. రెండోది ‘నేచురల్ ఎంట్రన్స్’ అనే సహజ ముఖద్వారం. కొండ పక్కన నోరు తెరిచిన బిలంలోకి వంపులు తిరుగుతూ దిగే 1.25 మైళ్ల కాలిబాట. దూరం చూస్తే చిన్నదే గానీ, ఆ మైలుంబావులో మనం దిగేది డెబ్బై అయిదు అంతస్తుల మేడ ఎత్తు. బాట గట్టిగా వేసినదే, పట్టుకోవడానికి కమ్మీలూ ఉన్నాయి. అయినా వాలు ఎక్కువ, తడి ఉన్నచోట జారుతుంది, బరువంతా మోకాళ్ల మీద పడుతుంది. బిడ్డను గుండెలకు కట్టుకుని ఆ దారిన దిగి వచ్చిన ఒక తండ్రిని కింద చూశాం. అంత చల్లటి గుహలోనూ ఆయన చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది.

మేము రెండు జట్లుగా విడిపోయాం. మా వారు, బాబు నడకదారి పట్టారు; నేను, అమ్మ, పాప లిఫ్టులో దిగాం. కింద ఫోన్లు పనిచేయవు కనుక లిఫ్టుల దగ్గర కూర్చునే చోట కలుసుకోవాలని ముందే అనుకున్నాం. గంటా పదిహేను నిమిషాల తర్వాత చేరిన మా వాడి దగ్గర ఎన్నో కబుర్లున్నాయి: ముఖద్వారం దగ్గర గింగిరాలు తిరిగే స్వాలో పిట్టలు, గబ్బిలాల రెట్ట వాసన, ఒక మలుపులో వెనక్కి తిరిగి చూస్తే చిటికెడంత కనిపించిన పగటి వెలుతురు, పైకప్పు నుంచి ఎప్పుడో ఊడిపడిన రెండు లక్షల టన్నుల ‘ఐస్‌బర్గ్ రాక్’. లిఫ్టులో దిగినవారికి ఇవేవీ దక్కవు, నిజమే. అయినా, ఎత్తుకోమని అడగకుండా గంటసేపు నడవగల పిల్లలైతే తప్ప ఆ దారి వద్దనే చెబుతాను. మా లెక్కన ఆరేళ్లు దాటినవారికి అది పండగ, అంతకన్నా చిన్నవారికి శిక్ష. మరో జాగ్రత్త కూడా ఉంది. ఇక్కడి లిఫ్టులు మరమ్మతుల కోసం ఆగిపోయిన సందర్భాలు గతంలో ఉన్నాయి. అవి ఆగితే వెళ్లినవారు కాలినడకనే పైకి ఎక్కి రావాలి. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో ఆ సంగతి చూసుకోవడం తప్పనిసరి.

బిగ్ రూమ్ విస్తీర్ణం 8.2 ఎకరాలు. ఎనిమిదెకరాల చేను గట్టున నిలబడి చూసినవారికి ఆ వైశాల్యం అర్థమవుతుంది. అంత చేనుకు రాతి కప్పు వేసి, ఆ కప్పు నుంచి వేలాది ఊడలు వేలాడదీసినట్టు ఊహించుకోవాలి. చుట్టూ తిరిగే బాట మరో మైలుంబావు; మధ్యలో వచ్చే అడ్డదారి పట్టుకుంటే నడక దాదాపు సగానికి తగ్గుతుంది. పిల్లలున్నవారు ఆ అడ్డదారి ఎక్కడుందో పటంలో ముందే గుర్తుపెట్టుకోవాలి. దీపాలు కావాలనే మసకగా పెట్టారు. మొదటి పది నిమిషాలు పాప నా మెడ వదల్లేదు. కళ్లు అలవాటు పడ్డాక తనే దిగి నడిచింది.

పెద్దలకు నచ్చేవీ, పిల్లలకు నచ్చేవీ ఒకటి కావు. 62 అడుగుల ‘జెయింట్ డోమ్’ అనే రాతి స్తంభం ముందు మేము నోరు తెరిచి నిలబడితే, పిల్లలు దాన్ని గోడలాగే చూసి దాటిపోయారు. వాళ్లను కట్టిపడేసింది ‘మిర్రర్ లేక్’ అనే చిన్న మడుగు. దాని మీద పలకపై అక్షరాలను తలకిందులుగా రాశారు. నీటిలోని ప్రతిబింబంలో చూస్తే సరిగ్గా చదవగలం. అక్కడి నుంచి బాబును కదిలించడానికి చాలా సేపు పట్టింది. ‘బాటమ్‌లెస్ పిట్’ అంటే అడుగే లేని గొయ్యి అని చెప్పి, మరుక్షణమే దానికి 140 అడుగుల లోతున అడుగుందని చెబితే, పెద్దల అబద్ధం పట్టుబడినందుకు వాడు పొంగిపోయాడు. తొలి అన్వేషకుల లాంతరు వెలుగు అంతదూరం పోలేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. గంట దాటాక ఎంత అందమైన రాయీ పిల్లల కంటికి ఆనదు. అడ్డదారి విలువ అప్పుడు తెలుస్తుంది.

మా అమ్మ బొర్రా గుహలు చాలాసార్లు చూసినది. ‘అక్కడ రంగు దీపాలు, శివలింగం, గంట, ఇక్కడ రాయిని రాయిగానే ఉంచారే’ అంది. తేడా దీపాల్లోనే కాదు. సాధారణంగా సున్నపురాతి గుహలను వాన నీటిలోని పలుచటి కార్బోనిక్ ఆమ్లం పైనుంచి తొలుస్తుంది. కార్ల్స్‌బాడ్‌లో జరిగింది వేరు: భూమి లోపలి చమురు, సహజవాయు నిల్వల నుంచి పైకి వచ్చిన హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు, ఆక్సిజన్ ఉన్న నీటితో కలిసి సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి, కింది నుంచి రాతిని తినేసింది. ఇది నలభై నుంచి అరవై లక్షల ఏళ్ల కిందటి మాట. మందిరం ఇంత విశాలంగా ఉండడానికి కారణం అదే. రాతి ఊడలు, స్తంభాల అలంకారమంతా ఆ తర్వాత చుక్కచుక్కగా కారిన నీటి పని. మన చేతి జిడ్డు అంటితే ఆ పెరుగుదల ఆగిపోతుంది కనుక దేన్నీ ముట్టుకోకూడదు. మూడేళ్ల పిల్లతో ఈ నియమం పాటించడం అన్నిటికన్నా కష్టం. సన్నటి బాటలో మేము చేయి పట్టుకునే నడిపించాం.

పిల్లలను కూర్చోబెట్టి తోసుకెళ్లే బండ్లను (స్ట్రోలర్లను) గుహలోకి అనుమతించరు. బిడ్డను కట్టుకునే క్యారియర్ లేకుండా వెళ్లడం అవివేకం. తాగడానికి మంచినీళ్లు తప్ప మరేదీ బాటలో నోట పెట్టకూడదు, చాక్లెట్టు కూడా. అమ్మ సంచిలోని జంతికలు కారులోనే ఉండిపోయాయి. ఏడాది పొడవునా లోపల 56 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 13 డిగ్రీల సెల్సియస్. బయట బ్రహ్మజెముడు మాడిపోయే ఎండ చూసి పిల్లల జాకెట్లు గదిలో వదిలేసిన తెలివి మాదే. గుహలో మరుగుదొడ్డి లిఫ్టుల దగ్గర మాత్రమే ఉంది. నడక మొదలుపెట్టే ముందే పిల్లల పని కానివ్వాలి. వేరే గుహల్లో వేసుకున్న చెప్పులూ బట్టలూ శుభ్రం చేయకుండా ఇక్కడికి తేకూడదు. ఉత్తర అమెరికాలో లక్షలాది గబ్బిలాలను చంపిన శిలీంధ్ర వ్యాధి అలా పాకుతుందని భయం.

ప్రవేశానికి పెద్దలకు తలా 15 డాలర్లు, పదిహేనేళ్ల వరకూ పిల్లలకు ఉచితం. దీనికి తోడు ఒక డాలరు ఇచ్చి ఏ సమయానికి వస్తారో ముందే రిజర్వు చేసుకోవాలి. ఇంత తక్కువకు ఇంత చూపించే చోటు ఈ చుట్టుపక్కల మరొకటి నాకు కనబడలేదు. డాలస్ గడియారానికీ న్యూ మెక్సికో గడియారానికీ గంట తేడా ఉంది, లెక్క వేసుకోండి. కార్ల్స్‌బాడ్ పట్టణంలో చమురు బావుల పనివారి వల్ల గదులకు గిరాకీ ఎక్కువ. మేము దిగిన హోటల్ పుచ్చుకున్న అద్దెకూ, ఇచ్చిన గదికీ పొంతన లేదు.

మే చివరి నుంచి అక్టోబరు దాకా సాయంత్రాలు ముఖద్వారం ఎదుట రాతి మెట్లపై కూర్చుని గబ్బిలాలు బయటికి రావడం చూడవచ్చు. దీనికి టికెట్ లేదు. 1898లో జిమ్ వైట్ అనే పదహారేళ్ల పశువుల కాపరికి దూరం నుంచి పొగలా కనిపించి, గుహలోకి దారి చూపినవి ఇవే. ఫోను, కెమెరా, చివరికి పిల్లల టాబ్లెట్ కూడా ఆపేయాలి, మాటలు వినపడకూడదు. మా పాప పార్కు ఉద్యోగి (రేంజర్) మాట్లాడుతుండగానే నిద్రపోయింది కనుక గండం గడిచింది. బాబు మాత్రం లక్షల రెక్కల సవ్వడి తలమీదుగా సాగిపోతుంటే నా చేతిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. మెలకువగా ఉండే పసిబిడ్డ ఉంటే వెనక వరుసలో, బయటికి నడిచే దారి పక్కన కూర్చోండి. ఏడుపు అందుకోగానే లేచి వెళ్లిపోవచ్చు.